చిలుము పట్టిన మీటలు

ఇనుమునకు పట్టునది తుప్పు. రాగికిని ఇత్తడికిని పట్టునది చిలుము. ఈ రెండింటికి తెలుగువారు వేర్వేరు పేర్లు పెట్టుకొనుటలో లోకానుభవ మున్నది. తుప్పు పొరలు పొరలుగా రాలిపోవుచు తన ఉనికిని చాటుకొనును. చిలుము అట్లు కాదు. అది లోహమును అంటిపెట్టుకొని, పైకి కొంచెము పచ్చదనము మాత్రమే చూపుచు, తన పని తాను చేసికొని పోవును. ఇంటిలో ఇత్తడి బిందెను చింతపండుతో తోము ఇల్లాలికి ఈ భేదము బాగుగా తెలియును. పాత మోటారుకారును కాపాడుకొనదలచినవారును దానిని తెలిసికొనవలసియే యుందురు.

నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు మండలము బంగాళాఖాతపు టొడ్డున ఉన్నది. కృష్ణపట్నము రేవు ఈ మండలములోనిదే. అచ్చట కండలేరు ఉప్పుటేరుగా మారి సముద్రమున కలియును. తీరము వెంబడి బకింగుహాము కాలువ సాగిపోవును. మత్స్యశాస్త్ర కళాశాల యొకటి 1991 నుండి ముత్తుకూరులో నడచుచున్నది. ఉప్పునీరు ఈ ప్రాంతమున అనేకులకు జీవనాధారము. అయితే ఆ ఉప్పే గాలిలో కలసి వచ్చి లోహముపై వాలినప్పుడు సంగతి వేరగును. ఉప్పునకు తేమను పీల్చుకొను స్వభావ మున్నది. గాలిలోని తేమ సుమారు 75 శాతము దాటినచో ఉప్పు కణము తనంతట తానే కరగి సన్నని నీటిబొట్టగును. ఆ బొట్టు క్రింద రాగి మెల్లమెల్లగా చిలుముగా మారుచుండును.

ఇట్టి గాలిలో అరువది ఏండ్ల నాటి కారును కొన్ని మాసములపాటు కదలింపక నిలిపి యుంచినచో, తరచుగా మొదట మొరాయించునవి డ్రైవరు ముందున్న పలక మీది మీటలును, దాని వెనుకనున్న తీగలును. డాష్‌బోర్డు అని అందరును పిలుచు ఆ పలక ముందువైపు నిగనిగలాడుచునే యుండును. వెనుక చేయి పెట్టి చూచినవారికే అచ్చటి అవస్థ తెలియును. దీపపు మీట నొక్కినచో దీపము మినుకుమినుకు మనును. హారను ఒకసారి మ్రోగి మరియొకసారి మూగవోవును. పెట్రోలు ముల్లు నిండిన ట్యాంకును ఖాళీ యని చూపును. యజమాని బాటరీని నిందించి క్రొత్తది కొని తెచ్చును. రెండు దినములు బాగుగా నడచి కారు మరల మొదటికి వచ్చును.

లోపము బాటరీలో లేనప్పుడు ఎచ్చట ఉన్నది? ఈ ప్రశ్నకు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రమే సమాధానము చెప్పగలదు. విద్యుత్తు బాటరీ నుండి బయలుదేరి, ఫ్యూజు దాటి, మీట గుండా పోయి, దీపమును వెలిగించి, కారు శరీరమే దారిగా తిరిగి బాటరీని చేరవలెను. పోవు దారి ఎంత ముఖ్యమో తిరిగి వచ్చు దారియు అంతే ముఖ్యము. ఈ దారిలో ప్రతి కూడలియందును రెండు లోహములు ఒకదానిని ఒకటి తాకుచుండును. ఆ తాకిడి మధ్య చిలుము పొర చేరినచో అది విద్యుత్తును అడ్డగించును. అయిదు ఆంపియర్ల ప్రవాహము గల తీగలో ఒక్క కూడలి యొద్ద రెండు వోల్టులు నష్టమైన వనుకొందము. పండ్రెండు వోల్టులు అందవలసిన దీపమునకు పదియే అందును. దాని వెలుగు దాదాపు సగమునకు పడిపోవును. పోయిన ఆ రెండు వోల్టులు ఊరకే పోవు. ఆ కూడలి యొద్దనే పది వాట్ల వేడిగా మారును. రాత్రివేళ మార్గము కానరాక పోవుట ఒక ప్రమాదము. పలక వెనుక ఎండిన గుడ్డ తొడుగుల నడుమ వేడి పుట్టుట అంతకు మించిన ప్రమాదము.

ఆ తొడుగుల సంగతియు చెప్పుకొనవలెను. పూర్వకాలపు కార్లలో రాగి తీగకు రబ్బరు తొడుగును, దాని మీద నూలు అల్లికయు ఉండెడివి. ప్లాస్టిక్ తొడుగులు వ్యాప్తిలోనికి వచ్చినది తరువాతనే. ఏండ్లు గడచినకొలది రబ్బరు బిరుసెక్కి పగులును. నూలు తేమను పీల్చును. చివరి వద్ద ప్రవేశించిన తేమ తీగ వెంట లోలోపలికి ప్రాకి రాగిని నల్లబరచును. పైకి తీగ చెక్కుచెదరనట్లే కనిపించును. వంచిచూచినచో తొడుగు పొడియై రాలును. తొడుగు రాలిన తీగ కారు ఇనుమును తాకినచో విద్యుత్తు దీపము దాక పోనక్కరలేదు. అడ్డదారిన ఒక్కసారిగా తిరిగి వచ్చును. అప్పుడు ఫ్యూజు కరగి కారును కాపాడవలెను. కరగిన ఫ్యూజునకు బదులు సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితమును చుట్టుట, లావుపాటి రాగితీగను బిగించుట అనేకులు చేయు పని. అది కాపలావానిని కట్టిపడవేసి తలుపు తెరచి నిద్రించుటయే. ఫ్యూజు కరగకున్నచో తీగయే కరగును. తీగ కరగినచో తొడుగు మండును.

కావున ఈ మరమ్మతునకు మొదటి నియమము తొందరపడకుండుట. ముందుగా బాటరీ నుండి కారు శరీరమునకు పోవు తీగను విప్పవలెను. ఆ తరువాతనే రెండవ తీగ జోలికి పోవలెను. ఈ వరుసలో విప్పినచో పనిముట్టు పొరపాటున ఇనుమును తాకినను నిప్పురవ్వ పుట్టదు. పిమ్మట ఏ తీగ ఏ మీటకు ఎచ్చట తగిలియున్నదో కాగితముపై బొమ్మ గీయవలెను. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క చీటి కట్టవలెను. గుర్తుంచుకొందుమను ధైర్యము రెండవ తీగ విప్పువరకే నిలుచును.

అదృష్టవశమున ఆ కాలపు తీగలు తమ గుర్తులను తామే మోయుచుండును. బర్మింగుహాము నగరపు లూకాస్ సంస్థ వాడుకలోనికి తెచ్చిన రంగుల పద్ధతి బ్రిటిషు కార్లలోను, వాటి వంశమున పుట్టిన కార్లలోను కనిపించును. గోధుమరంగు తీగ బాటరీ నుండి నేరుగా వచ్చునది. తెలుపు తాళపుచెవి త్రిప్పిన పిమ్మట ప్రాణము పోసికొనునది. ఆకుపచ్చ తాళము తరువాత ఫ్యూజు దాటి వచ్చునది. నీలము ముందు దీపములకు, ఎరుపు ప్రక్క దీపములకును వెనుక దీపములకును, నలుపు కారు శరీరమునకు పోవునవి. అయితే కొన్ని చేతులు మారిన కారులో ఈ వర్ణక్రమమును గ్రుడ్డిగా నమ్మరాదు. దొరికిన రంగు తీగను దొరికిన చోట తగిలించిన మెకానిక్కులు లేకపోలేదు. మరియొక మెలకువయు కలదు. 1960 దశకము మధ్య వరకు బ్రిటిషు కార్లలో అనేకములకు బాటరీ ధనధ్రువమును శరీరమునకు కలుపుట ఆచారముగా ఉండెను. ఇప్పటి ఆచారము దీనికి విరుద్ధము. ఇది గమనింపక నేటి పరికరమును తగిలించినచో అది క్షణములో చెడును.

పిమ్మట మీట వంతు. బేకలైటు పెట్టెలో ఇత్తడి రేకులు, సన్నని స్ప్రింగు, ఒకటి రెండు చిన్న గోళీలు — లోపల ఉండునది ఇంతియే. దానిని పళ్ళెములో పరచిన తెల్లగుడ్డ మీద విప్పవలెను. లేనిచో స్ప్రింగు ఎగిరి కంటికి కనబడకుండ పోవును. చిలుమును మిక్కిలి సన్నని ఉప్పుకాగితముతో మృదువుగా తీయవలెను. వెండిపూత గల భాగములను ఆ కాగితముతో రుద్దరాదు. వాటికి స్పిరిటులో తడిపిన గుడ్డయే చాలును. బిందెకు మేలు చేసిన చింతపండు ఇచ్చట అంత క్షేమకరము కాదు. పులుపు ఏ మూలనైనను మిగిలినచో అదియే మరల చిలుమునకు విత్తనమగును. శుభ్రపడిన రేకు బిగువు సడలియున్నచో కొద్దిగా వంచి సరిచేసి, పలుచగా గ్రీజు పూసి మూయవలెను.

తీగ మార్చవలసి వచ్చినచో పాతదాని లావు, పాతదాని రంగు గల తీగనే వేయవలెను. నల్లబడిన రాగికి టంకము అంటదు. మెరయు రాగి కనబడువరకు వెనుకకు కత్తిరింపవలెను. ఆమ్లము కలిసిన టంకపు మందు తీగలకు పనికిరాదు. ఇనుప రేకునకు చేసిన రంధ్రము గుండా తీగ పోవు ప్రతిచోట రబ్బరు గాజు ఉండి తీరవలెను. చివరకు, శరీరమును తాకు కూడలి యొద్ద రంగును గీకి లోహమును లోహమునకు బిగింపవలెను. మీటలలో ఉన్నదని భావించిన లోపము పెక్కుసార్లు ఈ కూడలియందే దొరకును.

ఇంత శ్రమ యెందుకు, క్రొత్త మీట కొనరాదా యని అడుగవచ్చును. ఆ కాలమున మన రోడ్లపై తిరిగిన కార్లు కొద్ది రకములే: ఉత్తరపారాలో 1958 నుండి తయారైన అంబాసిడరు, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డు హెరాల్డు మున్నగునవి. అంబాసిడరు తయారీ 2014లో ఆగినది. తక్కిన రెండును అంతకు ముందే ఆగినవి. ఆనాటి మీట చెడినచో దానిని బాగుచేసికొనుటయే ఉత్తమ మార్గము. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటిసారి రిజిస్టరైన నాటి నుండి ఏబది ఏండ్లు దాటి, చాసిస్సు, శరీరము, ఇంజను మున్నగు భాగములలో పెద్ద మార్పులు లేక తొలి రూపమున నిలిచిన బండికే ‘వింటేజి’ గౌరవము దక్కును. మీట చిన్నదే కావచ్చును. కాని చిన్న చిన్న భాగముల కూడికయే తొలి రూపము.

పాఠశాలలో విద్యుద్వలయమును బోధించు ఉపాధ్యాయునకు ఇట్టి కారు మంచి పరికరము. బాటరీని విప్పిన పిమ్మట పలక వెనుక తీగలను విద్యార్థులచేత రంగు ననుసరించి వెదకింపవచ్చును. విప్పి శుభ్రపరచిన మీటను చేతికిచ్చి, ఓము సూత్రము లెక్కలో ఎట్లున్నదో ఇత్తడిలోను అట్లే ఉన్నదని చూపవచ్చును. వోల్టుమీటరుతో బాటరీ మొదలు దీపము దాక ఒక్కొక్క కూడలిని పరీక్షించుచు పోయినవాడు ఊహపై ఆధారపడడు. వోల్టులు ఎచ్చట తగ్గెనో అచ్చటనే ఆగును.

పని ముగిసిన పిమ్మట గీసిన బొమ్మను పారవేయరాదు. మార్చిన తీగలను, వాటి రంగులను, తేదీని దానిపై వ్రాసి కారులోనే భద్రపరచవలెను. ఉప్పుగాలి మానదు, మరి కొన్ని ఏండ్లకు ఆ పలకను ఎవరో ఒకరు మరల విప్పక తప్పదు. అప్పటికి ఈ కార్లను ఎరిగిన చేతులు ఇంకను తగ్గియుండును. ఆ దినమున వారికి మొదట కావలసినది ఆ కాగితమే.