పెద్దల చేయి – పసివారి మేను

తెలుగునాట విద్యారంభం స్పర్శతోనే జరిగేది. అక్షరాభ్యాసం నాడు గురువు పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, చిట్టివేళ్లను తన చేతితో పట్టి, పళ్లెంలోని బియ్యంపై ఓనమాలు దిద్దించేవాడు. బాసర వంటి క్షేత్రాలలోను, అనేక గృహాలలోను ఈ వేడుక నేటికీ జరుగుతున్నది. అయితే ఓనమాలు దాటగానే అదే చేతిలోకి బెత్తం వచ్చేది. మొట్టికాయ, తొడపాశం, గోడకుర్చీ, కోదండం – వీథిబడి శిక్షల పేర్లతో చిన్న నిఘంటువునే కూర్చవచ్చు. వీటిలో కోదండం మిక్కిలి క్రూరమైనది. దూలానికి కట్టిన తాడు పట్టుకొని బాలుడు వ్రేలాడవలసి వచ్చేది. ఈ రెండు చేతులూ భాషలో నిలిచిపోయాయి. 'వెన్ను తట్టడం' అంటే ప్రోత్సహించడం. 'చేయి చేసుకోవడం' అంటే కొట్టడం. లాలించినా, దండించినా ఆ చేయి పెద్దలది, ఆ మేను పిల్లలది. పిల్లల ఇష్టాయిష్టాలను తెలుసుకోవాలన్న ఊహ అరుదు. ఇప్పుడు మారుతున్నది ఈ అంశమే.

ప్రాచీనులందరూ బెత్తాన్ని నిరాక్షేపంగా అంగీకరించారనుకోవడం సరికాదు. శిష్యుని కొట్టకుండానే శిక్షణలో ఉంచాలని గౌతమ ధర్మసూత్రం చెబుతున్నది. అది సాధ్యం కానప్పుడు మాత్రమే సన్నని త్రాటిని గాని, వెదురుబద్దను గాని వాడవచ్చునని, మరి దేనితోనైనా కొట్టిన గురువును రాజు దండించాలని కూడా అందులో ఉన్నది. గురువును సైతం శిక్షింపవచ్చుననే ఆలోచన అంత పాతది! కాని లోకంలో ప్రచారం పొందినది ఈ సూత్రం కాదు; ఐదేండ్లు లాలించి, ఆపై పదేండ్లు దండించుమనే నీతి.

ఆ నీతిని చట్టం త్రోసిపుచ్చడానికి చాలా కాలం పట్టింది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో అంగీకరించింది. శారీరక దండనను అనుమతించే పాఠశాల నిబంధనను 2000లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహశిక్షతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయినప్పటికీ బెత్తం పూర్తిగా మాయం కాలేదు. "మావాడికి నాలుగు తగిలించండి సార్" అని స్వయంగా చెప్పి వెళ్లే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు.

లాలన విషయంలో మార్పు మరింత ఆలస్యంగా, మరింత బాధాకరంగా వచ్చింది. లాలనపై సమాజానికీ, సాహిత్యానికీ గల విశ్వాసం అపారం. నన్నయ భారతంలోని ఆదిపర్వంలో శకుంతల దుష్యంతునితో, బిడ్డ కౌగిలి ఇచ్చే చల్లదనాన్ని చందనమూ వెన్నెలా సైతం ఇవ్వలేవని చెబుతుంది. ఆ మాటలో సత్యం ఉంది. అమెరికాకు చెందిన హారీ హార్లో అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1950లలో కోతిపిల్లలపై ప్రయోగాలు చేశాడు. పాలసీసా ఉన్న తీగబొమ్మ కంటే పాలు లేని మెత్తని గుడ్డబొమ్మనే అవి ఎక్కువసేపు హత్తుకొని ఉండేవి. పసిప్రాణానికి స్పర్శ ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది. కాని శకుంతల చెప్పిన ఆ సుఖం తండ్రిది. బాలుని అభిప్రాయానికి అక్కడ తావు లేదు.

ఈ విశ్వాసం చాటున ఏమి జరుగుతున్నదో 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రకటించిన అధ్యయనం బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురైనట్లు తేలింది. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. బాధితులలో అధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పెద్దలు తాకితే ఊరకుండడమే మర్యాద అని నేర్చిన పిల్లలు ఏమని చెప్పుకొంటారు?

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ఈ మౌనాన్ని ఛేదించడానికి పుట్టింది. 18 సంవత్సరాలు నిండని బాలబాలికలందరికీ, అనగా ఇంటర్మీడియట్ విద్యార్థులలో అనేకులకు సైతం ఇది వర్తిస్తుంది. నేరం చేసినవాడు విద్యాసంస్థ సిబ్బంది అయితే శిక్ష మరింత కఠినం. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం నేరమే. వస్త్రం అడ్డు ఉన్నందున పోక్సో నేరం కాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం నవంబరులో సుప్రీంకోర్టు దానిని రద్దు చేసి, లైంగిక ఉద్దేశమే ప్రధానమని స్పష్టం చేసింది.

పాఠశాలలలో ముందుగా 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' అని బోధించేవారు. ఇప్పుడు చాలామంది 'సురక్షిత స్పర్శ, అసురక్షిత స్పర్శ' అంటున్నారు. ఈ మార్పు మాటల అలంకారం కాదు. 'చెడు' అన్న మాట విన్న బిడ్డ తానే చెడ్డదాన్ననుకొనే ప్రమాదం ఉంది.

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలుచున్న తల్లి చేతిలోని బిడ్డను కూర్చున్నవారు అడగకుండానే ఒడిలోకి తీసుకొనడం తెలుగునాట సహజమైన దయ. ఇప్పుడు ఆ తల్లి ఒక్క క్షణం సందేహిస్తున్నది. ఆటస్థలంలో పడి ఏడుస్తున్న ఒకటవ తరగతి బిడ్డను ఎత్తుకొనడానికి ఉపాధ్యాయుడూ సందేహిస్తున్నాడు. తల్లి సందేహం న్యాయమైనది. ఉపాధ్యాయుని సందేహానికి మాత్రం చట్టంలో ఆధారం లేదు; నలుగురి ఎదుట గాయం తుడిచే చేతిని ఏ సెక్షనూ నేరమనలేదు. భయంతో ఆ చేయి వెనుకకు పోతే నష్టపోయేది బిడ్డే.

బిడ్డ మాటకు విలువ ఇవ్వడం అలవాటైన చోట ఈ చిక్కు తేలికగా విడిపోతుంది. బంధువు ముద్దాడబోగా ముఖం తిప్పుకొన్న బిడ్డను "తప్పు, మామయ్య కదా!" అని మందలించకుండా ఉండడం అందులో మొదటి మెట్టు. కొన్ని ప్రాథమిక పాఠశాలలలో తరగతి ద్వారం వద్ద బొమ్మల పట్టిక తగిలిస్తున్నారు. చేతులు కలపడం, అరచేతులు చరచుకోవడం, కౌగిలి, నమస్కారం – వీటిలో తనకు నచ్చిన బొమ్మను బిడ్డ వేలితో చూపితే, ఉపాధ్యాయురాలు ఆ విధంగానే పలుకరించి లోనికి పంపుతుంది. నిన్న కౌగిలిని ఎంచుకొన్న బిడ్డ నేడు నమస్కారపు బొమ్మ చూపితే, ఆమె కూడా నమస్కరిస్తుంది.