బస్తా కోసే ముందు ముడి వేయాలి

మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు ఉంది. నాన్న దాన్ని తమిళంలో 'కుట్టి కంప్యూటర్' అంటారు, అమ్మమ్మకి మాత్రం అది పాటల పెట్టె. ఆవిడ పాడిన పెళ్లిపాటలన్నీ రికార్డు చేసి అందులోనే పెట్టాం. దానికి హార్డ్ డిస్కు లేదు. లైనక్సూ, పాటలూ అన్నీ ఒక్క మెమరీ కార్డులోనే. పోయిన నెల ఆ కార్డు మొరాయించింది.

కార్డు మొత్తాన్నీ ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా, లాప్‌టాప్‌లోకి ఎత్తాను. లోపలి సరుకు 6 జీబీయే, ఫైలు మాత్రం 32 జీబీ! ఖాళీ జాగా కూడా కాపీ అవుతుంది మరి. కొత్త కార్డు కూడా 32 జీబీదే కొన్నా, పట్టలేదు. ఒకే సైజు రాసి ఉన్నా కార్డుకీ కార్డుకీ కాస్త తేడా ఉంటుంది. ఆ కాస్తకే ఇంత గోల.

ఇక ఇమేజ్‌ని కుదించాలి. సగమే నిండిన బియ్యం బస్తా అనుకోండి. ముందు గింజల్ని అడుక్కి దించాలి, అంటే చెదిరిన ఫైళ్లను జరిపి ఫైల్ సిస్టమ్‌ని చిన్నది చేయాలి. తర్వాత ముడి, అంటే పార్టిషన్ హద్దుని అక్కడికి తేవాలి. ఆఖర్న ముడి పైనున్న ఖాళీ గోనె కోసేయాలి. వరస తప్పితే బియ్యం నేలపాలే. నేను తొందరపడి మొదట హద్దునే జరిపాను, బూట్ కాలేదు. ఇమేజ్‌కి ఇంకో కాపీ ఉంది కాబట్టి బతికాను. పైష్రింక్ అనే స్క్రిప్టు ఈ మూడు పనులూ వరసగా చేస్తుంది, కొత్త కార్డులో మొదటిసారి బూట్ అయినప్పుడు ఫైల్ సిస్టమ్ మళ్లీ కార్డంతా పరుచుకునే ఏర్పాటు కూడా.

ఫైలు 7 జీబీకి దిగిందని చెబితే అమ్మమ్మ కంగారుపడింది. "పాటలు పొట్టివైపోయాయా ఏంటే?" అంది. పెట్టి వినిపించాను.