మీకు తెలుసా? జెర్రిపోతుకు విషం లేదు

తుంగభద్ర దిగువ కాలువ కింద, సిరుగుప్ప వైపు వరిమళ్ల గట్ల మీద పట్టపగలే సర్రున సాగిపోయే పొడవాటి పాము చాలావరకు జెర్రిపోతే. బళ్లారి కన్నడిగులు దీన్నే కేరె హావు అంటారు. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది. పడగ ఉండదు. కళ్లు పెద్దవి, పెదవి పొలుసుల అంచున నల్లటి గీతలు. అయినా తాచనుకుని కర్రెత్తేవాళ్లే ఎక్కువ. చచ్చేది రైతుకు పనికొచ్చే జీవం.

కప్పల్నీ పిట్టల్నీ తింటుంది గానీ, ఎలుకలంటే దీనికి మరీ ఇష్టం. కలుగులోకే దూరి పిల్లలతో సహా మింగేస్తుంది. కొండచిలువలా చుట్టి నలపదు. నోట కరిచి, ఒంటి బరువుతో నేలకు అదిమిపెడుతుంది.

రెండు జెర్రిపోతులు పెనవేసుకుని పైకి లేస్తే జనం సయ్యాట అనుకుంటారు. చాలాసార్లు అవి రెండూ మగవే, బలం తేల్చుకుంటున్నాయి. తాచుతో జతకడుతుందన్నదీ, ఆవు పొదుగు నుంచి పాలు తాగుతుందన్నదీ వట్టి మాటలు. దారి లేకుండా అడ్డగిస్తే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది, కరుస్తుంది కూడా. కరిచిన పాము ఏదో తేలకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జెర్రిపోతును చంపడం నేరం.