కొట్టులో ఉన్న సరుకు సెర్చ్‌లో ఎందుకు దొరకదు?

పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజార్‌లో ఏదైనా కిరాణా కొట్టుకు వెళ్లారనుకోండి. మీరు శనగపిండి అడుగుతారు. పక్కనున్న హిందీ ఆవిడ బేసన్ అంటుంది, వెనకున్న తమిళాయన కడలై మావు అంటాడు. కొట్టు యజమాని ముగ్గురికీ ఒకే డబ్బాలోంచి పిండి తీసి తూకం వేస్తాడు. ఆయనకు అది పెద్ద విషయమేమీ కాదు. అదే కొట్టు ఆన్‌లైన్‌లోకి వెళ్లి, సరుకుల పట్టికలో 'బేసన్' అని మాత్రమే రాసుకుంటే ఏమవుతుంది? 'శనగపిండి' అని టైప్ చేసినవారికి ఫలితాలు లేవన్న మాటే కనిపిస్తుంది. పిండి డబ్బాలోనే ఉంది, కొనేవారి దృష్టిలో మాత్రం లేదు.

అండమాన్‌లో ఇది చిన్న సమస్య కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువ మంది మాతృభాష తెలుగు. జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ వేగం పెరిగింది. అయితే కేబుల్ సమాచారాన్ని వేగంగా మోయగలదు గానీ, బేసన్ అంటే శనగపిండేనని చెప్పలేదు. ఆ పని సెర్చ్ ఇండెక్స్‌ది.

ఇండెక్స్ అంటే ఏమిటి?

పాఠ్యపుస్తకం చివర ఉండే పదసూచిక గుర్తుందా? ఒక్కో పదం ఎదురుగా అది వచ్చే పేజీల సంఖ్యలుంటాయి. సెర్చ్ యంత్రం కూడా ఇలాంటి సూచికనే ముందుగా తయారుచేసుకుంటుంది. దీన్ని ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. మీరు పదం టైప్ చేయగానే అది లక్ష సరుకులనూ ఒక్కొక్కటిగా చదవదు. ఆ పదం ఎదురుగా ఉన్న జాబితాను తీసి చూపిస్తుంది. వేగం ఇక్కడి నుంచే వస్తుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. సూచికలోకి ఎక్కని మాటకు జవాబు ఉండదు.

ఏ వివరం ఏ రూపంలో సూచికలోకి వెళ్లాలో నిర్ణయించే నమూనానే స్కీమా అంటారు. సరుకు పేరు, బ్రాండు, ధర, బరువు వంటి ప్రతి గడి గురించీ అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. ఇందులో పదాలు వెతకాలా? దీనితో వడపోయాలా? దీన్నిబట్టి వరుస పేర్చాలా? లేక చూపిస్తే చాలా?

అంకెలన్నీ సంఖ్యలు కావు

ధరను అక్షరాలుగా దాచారనుకుందాం. తక్కువ ధర ముందు చూపమంటే 1000, 250, 99 అనే వరుస వస్తుంది. నిఘంటువులో లాగా మొదటి గుర్తు నుంచి ఒక్కో గుర్తునే పోల్చుకుంటూ వెళ్లడం వల్ల ఇలా జరుగుతుంది. కాబట్టి ధర సంఖ్యగానే ఉండాలి. బరువు విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఒకచోట '1 కిలో', మరోచోట '500 గ్రా.' అని రాస్తే యంత్రానికి 500 పెద్దదిగా కనిపిస్తుంది. ప్రమాణం లేని కొలతకు అర్థం లేదని భౌతికశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. అన్నిటినీ గ్రాముల్లోకి మార్చి దాచుకుని, చూపేటప్పుడు కిలోలుగా చూపాలి.

పిన్‌కోడ్ సంగతి దీనికి తిరగబడుతుంది. 744101 చూడటానికి సంఖ్యే గానీ, దాన్ని ఎవరూ కూడరు, సగటు తీయరు. అది ఒక గుర్తు మాత్రమే. అది యథాతథంగా సరిపోలాలి. దీవుల్లో ఈ గడి మరీ ముఖ్యం. ఈ చిరునామాకు సరుకు పంపలేమన్న సంగతి డబ్బు కట్టే దశలో తెలిసే బదులు, వెతికేటప్పుడే వడపోతలో తేలిపోవాలి.

ఎరుపు చొక్కా, 42 సైజు

ఒక చొక్కా ఎరుపులో 38, నీలంలో 42 సైజుల్లో ఉందనుకుందాం. రంగులన్నీ ఒక గడిలో, సైజులన్నీ ఇంకో గడిలో పోస్తే ఏ రంగుకు ఏ సైజో ఆ జత తెగిపోతుంది. 'ఎరుపు, 42' అని వెతికితే లేని చొక్కా ఉన్నట్టు చూపుతుంది. ప్రతి రంగు–సైజు జతనూ విడి రికార్డుగా గానీ, జత తెగకుండా దాచే ప్రత్యేక గడిలో గానీ పెట్టడమే దీనికి పరిష్కారం.

తెలుగు మాటల చిక్కులు

ఒకరు 'శనగపిండి' అంటే మరొకరు 'సెనగపిండి' అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవారి స్పెల్లింగులు ఇంకెన్నో. పైగా తెలుగు టైపింగులో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు చేరుతుంటుంది. 'సోప్' అని ఇద్దరు టైప్ చేస్తే చూడటానికి రెండూ ఒకటే. ఒకదాని చివర ఆ గుర్తు ఉంటే యంత్రానికి మాత్రం అవి వేరు మాటలు. సూచికలో చేర్చే ముందు పదాలను శుభ్రం చేసే భాగాన్ని అనలైజర్ అంటారు. ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ వంటి వ్యవస్థలకు ఆధారమైన లూసీన్‌లో తెలుగు కోసం ప్రత్యేక అనలైజర్ ఉంది.

అనలైజర్ ఒక్కటే బేసన్‌ను శనగపిండితో కలపలేదు. అందుకు పర్యాయపదాల జాబితా కావాలి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చిరునామాలో ఏ పేరు రాసినా ఒకే ఊరు దొరకాలంటే ఆ రెండూ జాబితాలో ఉండాలి. అలాగని పోలినవన్నీ కలపకూడదు. పదం మధ్యలోని ముక్కలను కూడా వెతకమంటే 'శనగ' అడిగినవారికి వేరుశనగ కూడా వస్తుంది. శనగపప్పును శనగపిండితో కలిపితే బజ్జీలు వేయాలనుకున్నవారి ఇంటికి పప్పు చేరుతుంది.

ముందే ఆలోచించడం ఎందుకు?

ఒకసారి సూచిక కట్టాక గడి రకాన్ని మార్చడం సాధారణంగా కుదరదు. కొత్త సూచిక కట్టి, సరుకులన్నీ మళ్లీ ఎక్కించాలి. అందుకే నిపుణులు దుకాణాన్ని నేరుగా సూచిక అసలు పేరుతో కాక ఒక మారుపేరుతో కలుపుతారు. కొత్తది సిద్ధం కాగానే ఆ మారుపేరును దానివైపు తిప్పేస్తారు. కొనేవారికి అంతరాయం తెలియదు. పర్యాయపదాలను సూచిక కట్టేటప్పుడు కాక వెతికే సమయంలో వర్తింపజేస్తే, కొత్త మాట చేర్చిన ప్రతిసారీ ఈ శ్రమ ఉండదు.

ఫలితమేదీ రాని వెతుకులాటలను రోజూ రాసిపెట్టుకుని చూస్తే జాబితాలో లోపించిన మాటలు బయటపడతాయి. మొదటి జాబితా కోసం దూరం వెళ్లక్కర్లేదు. కొట్టు ముందు నిలబడి, వచ్చినవారు ఏ సరుకును ఏమని అడుగుతున్నారో వింటే సగం పని అయినట్టే. కౌంటర్ వెనకున్న మనిషి ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్నది అదే. స్కీమా రాసేవారు ముందుగా అడగాల్సింది ఆయననే.