వీణ చెయ్యటం ఎట్లా నేర్చుకుంటారు?

బొబ్బిలి అనగానే మనకు యుద్ధం గుర్తుకు వస్తుంది. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధం గురించీ, తాండ్ర పాపారాయుడి గురించీ మీరు కథలు వినే ఉంటారు. ఆ ఊరికి పేరు తెచ్చినది మరొకటి కూడా ఉన్నది. అదే బొబ్బిలి వీణ.

బొబ్బిలి ఊరు విజయనగరానికి ఉత్తరంగా, 60 కిలోమీటర్ల లోపు దూరాన ఉన్నది. ఊరిని ఆనుకుని గొల్లపల్లి ఉన్నది. అక్కడ సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. 17వ శతాబ్దంలో బొబ్బిలి సంస్థానాన్ని ఏలిన పెద్దరాయుడి కాలం నుంచీ ఈ పని జరుగుతున్నదని చెబుతారు. ఇతర ఊళ్ళలో చేసిన వీణలను బొబ్బిలి వీణలని చెప్పి అమ్మకుండా, దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

వీణ వాయించటం నేర్పే బళ్ళు చాలా ఉన్నాయి. విజయనగరంలోనే మహారాజా వారి సంగీత కళాశాల ఉన్నది. దాన్ని 1919లో స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల అక్కడ చదువుకున్నవారే. మరి వీణ చెయ్యటం ఎక్కడ నేర్పుతారు? దానికి నల్లబల్ల లేదు, పాఠ్యపుస్తకం లేదు. పని జరిగే చోటే బడి. పని చేసే పెద్దవాడే పంతులు.

అటువంటి బడికి పదిహేనేళ్ళ కుర్రవాడొకడు కొత్తగా వచ్చాడనుకుందాం. వాడి వెనకే మనమూ వెళ్ళి, వాడేమి నేర్చుకుంటాడో చూద్దాం.

వాడు ముందు వీణలోని భాగాల పేర్లు తెలుసుకోవాలి. వీణ సుమారు 4 అడుగుల పొడుగుంటుంది. ఒక చివర గుండ్రంగా, లోపల బోలుగా ఉండేది కుండ. దాని నుంచి సాగే పొడుగాటి భాగం దండి. దండి చివర వంపు తిరిగి ఉండే సింహం వంటి ముఖం యాళి. దండి కింద ఆనుకోవటానికి ఒక బుర్ర ఉంటుంది. దండి మీద వరసగా 24 మెట్లు, వాటిపైన తంతులు ఉంటాయి. తంతులు మొత్తం 7. నాలుగు తంతులు మెట్ల మీదుగా పోతాయి, పాట వాయించేది వీటి మీదే. మిగిలిన మూడూ పక్కగా ఉండి శ్రుతికీ, తాళానికీ పనికివస్తాయి. కుండ మీద తంతులను మోసే చిన్న వంతెనను గుర్రం అంటారు. తంతులను బిగించేవి బిరడలు.

బొబ్బిలి వీణకు ఒక విశేషమున్నది. కుండనూ దండినీ వేరువేరుగా చేసి అతకరు. రెంటినీ ఒకే పనసమాను నుంచి తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు.

పనస కర్రే ఎందుకు? అది మరీ బరువు కాదు, మరీ మెత్తన కాదు. ఉలికి బాగా లొంగుతుంది. బాగా ఆరిన తరవాత త్వరగా పగలదు. ఈ ‘ఆరిన తరవాత’ అన్న మాటను కుర్రవాడు బాగా గుర్తుంచుకోవాలి. పచ్చి కర్రలో నీరుంటుంది. నీరు ఇంకిపోయిన కొద్దీ కర్ర ముడుచుకుంటుంది. పచ్చి కర్రతో వీణ చేస్తే, చేసినప్పుడు అందంగానే ఉంటుంది గాని తరవాత పగుళ్ళిస్తుంది. అంచేత తొందరపడకుండా కాచుకుని ఉండటం కూడా ఈ బడిలో ఒక పాఠమే.

తరవాత బాడిసా, ఉలీ చేతికి వస్తాయి. దుంగను పైన చెక్కి ఆకారం తెస్తారు. ఆ తరవాత లోపల తొలుస్తారు. కొత్తవాడికి భయం వేసేది ఇక్కడే. బొమ్మ గీసేటప్పుడు గీత తప్పితే రబ్బరుతో చెరపవచ్చు. మట్టితో కుండ చేసేటప్పుడు వంకరపోతే మళ్ళీ ముద్ద చెయ్యవచ్చు. కర్ర అట్లా కాదు. ఎక్కువ ఉంటే తియ్యవచ్చు గాని, ఒకసారి తీసినది మళ్ళీ పెట్టటానికి లేదు. ఏకాండి వీణలో ఒక దెబ్బ గోడను దాటి బయటికి వచ్చిందా, దుంగంతా పాడైనట్టే. అంచేత కొత్తవాడికి మొదట్లో వీణ నివ్వరు. చిన్న ముక్కలిచ్చి, చిన్న పనులు చెబుతారు.

ఇప్పుడు గొల్లపల్లిలో బల్ల మీద అలంకారంగా పెట్టుకునే బుల్లి వీణలు కూడా చేస్తారు. జ్ఞాపికలుగా వాటికి మంచి గిరాకీ ఉన్నది. అందంగా ఉంటాయి గాని వాటి మీద కచ్చేరీ చెయ్యలేము. కచ్చేరీ వీణ చెయ్యటానికి చెయ్యి ఒక్కటే తిరిగితే చాలదు.

ఎందుకంటారా? కుండ గోడలు దళసరిగా ఉంటే వీణ మూగగా ఉంటుంది. మరీ పలచనైతే బలం చాలదు. ఎంత తియ్యాలి అన్నది కన్ను చెప్పలేదు. అంచేత వేలితో తట్టి వింటారు.

“ఏటి వినపడిందిరా?” అంటాడు తాత.

“టక్కుమంది, తాతా.”

“ఇప్పుడిక్కడ తట్టు.”

“ఇక్కడ టంగుమంది!”

“మరేటి? టక్కుమన్న చోట ఇంకా తియ్యాల. మెల్లిగా తియ్యి.”

తంతికీ కుండకూ సంబంధమేమిటో కూడా తెలుసుకుందాం. తంతి చాలా సన్నం. అది కదిలినప్పుడు గాలిని కొద్దిగానే కదిలిస్తుంది. వట్టి తంతిని గోడకు బిగించి మీటితే ధ్వని సరిగా వినపడదు. వీణలో తంతి కదలిక గుర్రం గుండా కుండ మీది పైపలకకు చేరుతుంది. వెడల్పైన పలక కదిలితే చాలా గాలి కదులుతుంది. అప్పుడు ధ్వని సభ చివరిదాకా పోతుంది. కర్ర సరిగా పలకకపోతే ఎంత గొప్ప విద్వాంసుడు వాయించినా లాభం లేదు.

గిటారుకు కూడా సూత్రం ఇదే. కాని గిటారు చేసే పద్ధతి వేరు. పలచటి పలకలను కోసి, పక్క పలకలను వేడిచేసి వంచి, అన్నిటినీ జిగురుతో అతుకుతారు. ఒక పలక పాడైతే మరొకటి కొయ్యవచ్చు. పైదేశాలలో ఎప్పుడూ ఉలి పట్టనివారు కూడా కొన్ని వారాలు తరగతికి వెళ్ళి, తలా ఒక గిటారు చేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. వీణను అట్లా నేర్పటం కష్టం. చెయ్యి తిరిగిన పనివాడికే ఒక వీణ పూర్తి చెయ్యటానికి సుమారు నెల పడుతుంది. ఇక కొత్తవాడి మాట చెప్పాలా?

కర్రపని అయిపోయింది. మెరుగు పెట్టారు, నగిషీ చేశారు. పూర్వం అలంకారానికి ఏనుగుదంతం వాడేవారు. ఇప్పుడు దంతం వ్యాపారాన్ని చట్టం నిషేధించింది గనక ప్లాస్టిక్కు పలకలు వాడుతున్నారు. చూడటానికి వీణ పూర్తి అయినట్టే ఉంటుంది. కాని అసలు పరీక్ష ముందున్నది. ఇప్పుడు మెట్లు అమర్చాలి.

ఒక స్థాయిలో 12 స్వరస్థానాలున్నాయి. రెండు స్థాయిలకు 24 మెట్లు. 17వ శతాబ్దం మొదట్లో తంజావూరును ఏలిన రఘునాథనాయకుడి కాలంలో ఈ 24 మెట్ల వీణ స్థిరపడిందని చెబుతారు. ఈ మెట్లు సమానదూరంలో ఉండవు. తంతి పొడుగు 80 సెంటీమీటర్లు అనుకోండి. మొదటి మెట్టు సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల దూరాన వస్తుంది. 12వ మెట్టుకూ 13వ మెట్టుకూ మధ్య దూరం అందులో సగం, అంటే సుమారు 2.2 సెంటీమీటర్లు. 23కూ 24కూ మధ్య దూరం ఒకటింబావు సెంటీమీటరు కూడా ఉండదు.

ఈ లెక్క ఎట్లా వచ్చింది? తంతిని సగం చేస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. కాబట్టి 12 మెట్లు ఎక్కేసరికి 80 కాస్తా 40 కావాలి. మరొక 12 ఎక్కేసరికి 20 కావాలి. దీనికి ఒక సులువైన లెక్కను 1581లో ఇటలీదేశపు విద్వాంసుడు విన్సెంజో గెలీలీ తన గ్రంథంలో చెప్పాడు. ఈయన కొడుకే దూరదర్శినితో గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను చూసిన గెలీలియో! మిగిలిన తంతి పొడుగులో 18వ వంతు దూరాన తరవాతి మెట్టు పెట్టుకుంటూ పొమ్మన్నాడు తండ్రి. మీరు కాగితం మీద చేసి చూడండి. 12వ మెట్టు దగ్గర 40 సెంటీమీటర్లు మిగలాలి గదా, 40.3 దాకా మిగులుతుంది. మూడు మిల్లీమీటర్ల తేడా. 18కి బదులు 17.817తో భాగిస్తే లెక్క సరిపోతుంది.

అయితే ఆ లెక్క ప్రకారం గీతలు గీసి మెట్లు పెడితే సరిపోదా? సరిపోదు. మెట్టు మీద తంతిని నొక్కగానే తంతి కొంచెం సాగి బిగుస్తుంది. బిగిస్తే స్వరం పైకి పోతుంది. ఎంత పైకి పోతుందన్నది తంతి లావును బట్టీ, మెట్టుకూ తంతికీ మధ్య ఉన్న ఎత్తును బట్టీ మారుతుంది. ఏ రెండు వీణలూ అచ్చంగా ఒకటిగా ఉండవు. కొలబద్ద మెట్టును సరైన చోటికి దగ్గరగా తీసుకుపోతుంది. ఆఖరి వెంట్రుకవాసి మాత్రం చెవే తేల్చాలి.

అందుకే వీణ మెట్లను గిటారు మెట్ల లాగా కర్రలో గాడి కోసి బిగించరు. తేనెమైనంలో నల్లటి పొడి కలిపి, దండి మీద రెండు వరసలుగా పెట్టి, అందులో మెట్లు నిలబెడతారు. మైనం వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మెట్టు తప్పిందా, మైనాన్ని కొంచెం వేడిచేసి జరపవచ్చు. ఏళ్ళ తరబడి వాయించిన వీణకు మెట్లు కదిలితే, మళ్ళీ సరిచెయ్యవచ్చు.

కాని సరిచెయ్యాలంటే ముందు తప్పు వినపడాలి గదా! కొత్త కుర్రవాడికి మొదట్లో అన్నీ సరిగ్గానే వినిపిస్తాయి. తాత మాత్రం తల ఆడిస్తాడు. రోజుల తరబడి కూచుని, పక్క పక్క స్వరాలు పోల్చి వినగా వినగా, ఒకనాడు ఆ తేడా వాడికీ తెలుస్తుంది. ఆ నాటి నుంచీ వాడు వీణ చేసేవాడు అవుతాడు. ఉలిపనిలో సగం చూసి నేర్చుకోవచ్చు. ఈ చెవిని మాత్రం ఒకరి పక్కన మరొకరు కూచుంటేనే ఇవ్వటానికి వీలవుతుంది.

అదే ఇప్పటి చిక్కు. ముదిరిన పనసమాను దొరకటం కష్టమవుతున్నది. నెల రోజుల పనికి వచ్చే సంపాదన చాలక, ఈ ఇళ్ళలోని పిల్లలు చాలామంది చదువుకుని ఇతర ఉద్యోగాలకు పోతున్నారు. వారిని తప్పు పట్టలేము. కాని మిగతా చాలా పనులను పుస్తకంలో రాసి దాచుకోవచ్చు, తరవాత ఎవరైనా చదివి తిరిగి ఆరంభించవచ్చు. దీన్ని అట్లా దాచలేము. ఒక్క తరం నేర్చుకోకపోతే, తరవాతి తరానికి నేర్పేవాడు ఉండడు. అంచేత పెద్దలు ఇంటికి వీణ కొనేటప్పుడు, దాన్ని ఎవరు చేశారో అడిగి తెలుసుకుంటే మంచిది. విజయనగరం వైపు వెళ్ళినప్పుడు పిల్లలను గొల్లపల్లికి తీసుకువెళ్ళి ఈ పని చూపిస్తే ఇంకా మంచిది.

మీరే చేసి చూడండి

మీ చెవి ఎట్లా ఉన్నదో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక మీటరు పొడుగు పలక తీసుకోండి. పెద్దవాళ్ళ చేత ఒక చివర మేకు కొట్టించండి. సన్నని ఉక్కుతీగ ఒక కొసను మేకుకు కట్టండి. పలకను బల్ల మీద పెట్టి, తీగ రెండవ కొసను బల్ల అంచు మీదుగా కిందికి వదిలి, రెండు లీటర్ల నీళ్ళసీసా వేలాడదీయండి. తీగ కింద రెండు పెన్సిళ్ళను అడ్డంగా, సరిగ్గా 80 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. తీగ తెగితే తగలకుండా ముఖం దూరంగా ఉంచుకోండి. ఇప్పుడు మీటండి. ఇదే మీ షడ్జమం.

మూడవ పెన్సిలును తీగ కింద జరుపుతూ, దాని వెనకనే తీగను వేలితో మెల్లిగా నొక్కి, ముందు భాగాన్ని మీటండి. మీటే భాగం 71.1 సెంటీమీటర్లయితే రి, 64 అయితే గ, 60 మ, 53.3 ప, 48 ద, 42.7 ని, 40 పై స పలుకుతాయి. ఇవి శంకరాభరణ రాగంలోని స్వరాలు.

అయితే ఒక షరతు. ముందే కొలవవద్దు. మీలో ఒకరు కళ్ళు మూసుకుని, పై స పలికినట్టు తోచినచోట ఆపమనండి. అక్కడ గీత గియ్యండి. అందరూ ఇట్లా చేసిన తరవాతనే కొలబద్ద తియ్యండి. ఎవరి గీత 40కి దగ్గరగా ఉన్నదో చూడండి. మర్నాడు మళ్ళీ చెయ్యండి. వారం రోజులు చేస్తే, గీతలు ఒకదానికొకటి దగ్గరగా జరగటం మీకే కనిపిస్తుంది.