రమజానులో థైరాయిడ్ మాత్ర
థైరాయిడ్ మందగించినవారు వాడే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట వరకు ఏమీ తినరాదు. రమజానులో సహరీ తొందరలో మన ఇళ్ళలో చాలామంది దానిని టీతోనే మింగుతారు. మందు సరిగా ఒంటబట్టక టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, మోతాదు చాలలేదని భావిస్తాము. అలా పెంచిన మోతాదు, ఈద్ తరువాత పాత అలవాటు తిరిగి రాగానే అధికమై గుండెదడ తేగలదు. కనుక మొదట వేళను సరిచేసుకోవాలి. వైద్యుని అడిగి, చివరి భోజనమైన 3 గంటలకు, తరావీహ్ అనంతరం నిద్రకు ముందు వేసుకోవచ్చు; ఈలోగా ఖర్జూరమో సమోసానో నోట పడకుండా చూసుకోవడమే కష్టం! ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం అవసరం. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది గనుక, మార్పు జరిగిన 6 నుండి 8 వారాలకు చేయించిన పరీక్షను చూసియే వైద్యులు మోతాదు నిర్ణయిస్తారు.