లక్ష్యసాధనకు రైఫిల్ ఎంపిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్.సి.సి.లో చేరిన మీలో కొందరు పాయింట్ 22 రైఫిల్ పేల్చే ఉంటారు. 300 మీటర్ల పోటీకి రైఫిల్ ఎంచుకొనేటప్పుడు దేనిని చూడాలి? ధరను కాదు, తూటా రంధ్రాల గుంపును చూడాలి.

గుంపు వెడల్పును కోణంలో కొలుస్తారు. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం. 300 మీటర్ల వద్ద అది సుమారు 8.7 సెం.మీ. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10 సెం.మీ. కనుక రెండు నిమిషాల రైఫిల్‌తో మీ గురి తప్పకపోయినా కొన్ని తూటాలు వలయం దాటుతాయి. అప్పుడు మీ చేతిని నిందించుకోకండి.

గుంపు బిగువుగా ఉండి పక్కకు పడితే సైట్లు సరిచేస్తే చాలు. గుంపే చెదిరితే సైట్లు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. మూడు తూటాలతో తీర్పు చెప్పకండి. ఒకే రకం తూటాలు కనీసం పది పేల్చి చూడండి. అప్పుచేసి కొనేముందే ఈ పరీక్ష చేయండి. సొంత రైఫిల్‌కు ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు అవసరమని గుర్తుంచుకోండి.